మా అత్త మాట్లాడని ఏడాది

పోయిన నెల మోకాలి నొప్పి చూపించుకోవడానికి నెల్లూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. ఆటో దిగి లోపలికి పోతే హాలు నిండా జనం. గోడకు బిగించిన పెట్టెలోంచి ఒక ఆడగొంతు ఎక్కడా తడబడకుండా, ఏ ఊరి వాసనా లేని తెలుగులో, తదుపరి రోగి మూడవ గదికి వెళ్ళవలసిందిగా కోరుతున్నది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఆ పెట్టెవైపు తలెత్తి చూసి, హాలంతా వినబడేటట్టు, "ఏంది మే, ఎవుర్ని పిలస్తా ఉండాది అది? మనల్నేనా?" అని అడిగింది. ఆమెతో వచ్చిన మనవరాలు, కాలేజీలో చదివే పిల్లలా ఉంది, చుట్టూ ఒకసారి చూసి, ముసలమ్మ మోచెయ్యి పట్టుకుని, "గట్టిగా మాట్లాడబాక అవ్వా, అందరూ చూస్తా ఉండారు" అంది గుసగుసగా. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది. ఆ పిల్ల నావైపు చూసి, ఏమనుకోకండి అన్నట్టు నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ మొహం వేడెక్కిపోయింది. నా పేరు పిలిచేదాకా తల వంచుకుని గచ్చు చూస్తూ కూర్చున్నాను. ఎనభై దాటిన మనిషికి, ఎవరో ఇద్దరు ఏదో మాట్లాడుకుంటే ఇంత సిగ్గు ఎందుకు ముంచుకొచ్చిందా అని దారి పొడుగునా ఆలోచించాను. ఇంటికి చేరే లోపల మా అత్త గుర్తుకొచ్చింది.

అత్త అంటే నాయనకు అక్క. మా ఊరు చిట్టమూరుకు తూర్పున, సముద్రపు గాలికి తలుపుల మేకులు తుప్పు పట్టే దూరంలో ఉంటుంది. పెళ్ళయిన కొత్తలోనే మామ రంగూను పోయి అక్కడే ఉండిపోతే, ఆమె పుట్టింటికి వచ్చేసింది. నేను పుట్టేసరికే మా ఇంటి పెత్తనం ఆమెది. మా అమ్మ మెతక మనిషి. నాయన వరికోతలప్పుడు తప్ప గొంతు పెంచడు. కాబట్టి మా ఇంట్లో మాట అంతా అత్తదే. తెల్లవారి కసువు ఊడ్చేటప్పుడు మొదలుపెట్టి, గొడ్లతో, కోళ్ళతో, పొంగిపోతున్న పాలతో, ఎండకుండా సతాయించే వడ్లతో ఆమె మాట్లాడుతూనే ఉండేది. పులికాటు సరస్సు నుంచి చేపల గంపలు ఎత్తుకొచ్చే ఆడవాళ్ళు మా వాకిట్లో గంప దించితే, ఆ బేరం వినడానికి పక్కిళ్ళ వాళ్ళు పని ఆపి బయటకు వచ్చేవాళ్ళు. "ఏంది మే ఇయి, రొయ్యల కంటే మీసాలే జాస్తి ఉండాయి! మీసాలకు గూడా నేనే ఇచ్చుకోవాల్నా?" అని ఆమె అంటే, గంపావిడ కూడా నవ్వలేక చచ్చి, నాలుగు రొయ్యలు ఎక్కువ వేసేది. ఆ గొంతు గరుకుగా, ఎండబెట్టిన తాటాకులా ఉండేది. నేను బడి నుంచి వస్తుంటే మలుపు తిరక్కముందే అది వినబడేది. వినబడగానే ఆకలి వేసేది.

మా వైపే చదివిన తెలుగు ఎం.ఏ. అయిపోయాక, అరవైల మొదట్లో, నేను భాషాశాస్త్రంలో ఎం.లిట్. చదవడానికి చేరాను. రాత్రంతా రైల్లో పోతే వచ్చే ఊళ్ళో విశ్వవిద్యాలయం. ఇది పాఠాలు విని పరీక్షలు రాసే చదువు కాదు. ఒక గురువు కింద ఒక విషయం తీసుకుని పరిశోధన చేయాలి, గ్రంథం రాయాలి, చివర పెద్దలముందు కూర్చుని, రాసినదాన్ని నిలబెట్టుకోవాలి. ఈ సంగతి మా ఊళ్ళో చెప్పడం నావల్ల అయ్యేది కాదు. ఏం చదవతా ఉండావు అని అడిగితే, మాట గురించి అనేదాన్ని. ఎవరి మాట అంటే, మన మాటే అనేదాన్ని. "మన మాట నీకు రాదా?" అని జాలిగా చూసేవాళ్ళు. నాకొచ్చిన ఒక సంబంధం కూడా ఈ చదువు మూలానే తప్పిపోయింది. పిల్ల రేపు మా ఇంటికొచ్చి మా మాటల్లో తప్పులు పడితే ఎట్టా అని పెళ్ళికొడుకు మేనమామ కబురు పెట్టాడట. నాయన దాన్ని ఏ మాత్రం పట్టించుకోలేదు. "వాళ్ళకు భయమైతే మనకెందుకు" అన్నాడు. ఆయన అంత పొడుగు వాక్యం అనడం అరుదు కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

నిజానికి మాటల్లో తప్పులు పట్టేది నేను కాదు, నా మాటల్లోనే పట్టేవాళ్ళు. హాస్టల్లో చేరిన మొదటి వారం, "నేను నిన్న వచ్చినాను" అంటే, భోజనాల బల్ల దగ్గర ఒక అమ్మాయి నీళ్ళు తాగుతూ పొలమారింది. "వచ్చినావా? ఏ నాటకంలోంచి?" అంది. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళ పిల్లలు. వచ్చాను, చేశాను అనడం పుట్టుకతో వచ్చినవాళ్ళు. నేను ఆ నెలాఖరుకల్లా చేసినాను, పొయినాను, ఉండాది లాంటివన్నీ లోపల ఎక్కడో పెట్టి తాళం వేశాను. మాట్లాడబోయే ముందు ప్రతి వాక్యాన్నీ మనసులో ఒకసారి అనుకుని, సరిగా ఉందో లేదో చూసుకుని బయటకు వదిలేదాన్ని. దానివల్ల నేను చాలా నెమ్మదస్తురాలినని పేరు వచ్చింది.

ఆ రోజుల్లో నాయన నన్ను చూడటానికి వచ్చాడు. భుజం మీద మొలగొలుకుల బియ్యం మూట, చేతిలో ఊరగాయ జాడీ. మా శాఖ వరండాలో నిలబెట్టి మాట్లాడాను. చుట్టుపక్కల గదుల్లో జనం ఉన్నారు కదా, ఆయనతో మా మాటే మాట్లాడాలి, అది ఎవరికీ వినబడకూడదు. అందుకని గుసగుసలాడాను. నాయన కాసేపు అటూ ఇటూ చూసి, తనూ గొంతు తగ్గించి, "ఈడ ఎవురికైనా ఒంట్లో బాగలేదా అమ్మణ్ణీ?" అని అడిగాడు. లేదు నాయనా, అత్త ఎట్టా ఉండాది, ఎర్రావు ఈనిందా అని నేను గుసగుసగానే అడిగాను. నా వెనక చెప్పుల చప్పుడు ఆగినట్టనిపించి తిరిగి చూస్తే మా గురువుగారు. ఎంతసేపటినుంచి నిలబడ్డారో తెలియదు. నేను తల దించేసుకున్నాను. ఆయన మాత్రం కళ్ళజోడు సర్దుకుని, ఏదో తినుబండారం కనబడ్డ పసివాడిలా, "ఇంకోసారి అనమ్మా, ఈనిందా అనడానికి ముందు ఏమన్నావు?" అన్నారు. నాయన కంగారుపడి, "పిల్ల తప్పు మాట ఏమీ అనలేదయ్యా" అని నా తరఫున చెప్పుకున్నాడు. నా పరిశోధన విషయం ఆ వరండాలోనే తేలిపోయింది: నెల్లూరు తీరపు మాండలికం. దాచిపెట్టుకున్నదాన్ని బయటపెట్టమన్నారు. దాచుకోవడం కొత్తగా నేర్చినదాన్ని, సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

సెలవుల్లో ఇంటికి వెళ్ళి, చిన్న చిన్న కాగితం ముక్కలమీద మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. అత్త వెనకాలే తిరిగేదాన్ని. ఆమె ఏమీ అనుకోలేదు. వంటచేస్తూ తనంతట తాను మాట్లాడుతూ ఉంటే నేను గడప మీద కూర్చుని రాసుకునేదాన్ని. "నా వాగుడుకు డిగ్రీ ఇస్తారంటనా? అయితే నాకే ఇయ్యమను" అనేది. అవి మంచి రోజులు. గురువుగారికి ఆ కాగితాలు చాలా నచ్చాయి. అయితే మాటలు విడివిడిగా ఉంటే చాలదు, మనిషి ఆగకుండా మాట్లాడే మాట కావాలి, అది టేపు మీదికి ఎక్కాలి అన్నారు. శాఖకు కొత్తగా ఒక టేపురికార్డరు వచ్చింది, ట్రంకుపెట్టె అంత ఉండేది. దాన్ని తీసుకుని తానే మా ఊరు వస్తానన్నారు. నేను ఇంటికి ఉత్తరం రాశాను: మా గురువుగారు వస్తున్నారు, అత్త మాట్లాడితే యంత్రంలోకి ఎక్కించుకుంటారు, నా డిగ్రీకి అది ముఖ్యం అని.

ఆ కబురు అందాక మా ఇంట్లో ఏం జరిగిందో నాకు తరవాత అమ్మ చెబితే తెలిసింది. మా చిన్నాయన, అంటే నాయనకు తమ్ముడు, మా చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్న నాటకాల మనిషి. రాజు వేషాలు వేసేవాడు. పద్యం ఎత్తుకుంటే హార్మోనియం వాయించే ఆయన చెయ్యి నొప్పి పుట్టేదాకా దించేవాడు కాదు. విశ్వవిద్యాలయం నుంచి పెద్దాయన వచ్చి అక్క మాట పరీక్ష చేస్తాడంట, అది బాగుంటేనే పిల్ల పాసవుతుందంట అని ఆయనకు అర్థమైంది. మా ఇంటి పరువు తనమీదే ఉందనుకున్నాడు. సందకాడ పొలం నుంచి వచ్చి, అక్కను నడవలో కూర్చోబెట్టి నేర్పించడం మొదలుపెట్టాడు. "ఉండాది అనబాకక్కా, ఉన్నది అను. ఏంది అనబాక. ఏమి అను." అత్త తిట్టుకుంటూనే నేర్చుకుందట. వడ్లు చెరుగుతూ తనలో తాను వల్లె వేసుకునేదట. పిల్ల కోసమే అనేదని అమ్మ చెప్పింది.

నాకు ఇవేవీ తెలియవు. గురువుగారితో బస్సు దిగేసరికి ఊరంతా రోడ్డుమీదే ఉంది. అప్పట్లో మా ఊళ్ళో కరెంటు రైసుమిల్లుకు ఒక్కదానికే ఉండేది. యంత్రం అక్కడే పెట్టాలి, మిల్లు ఆడుతుంటే చప్పుడు. అందుకని మిల్లు యజమాని ఆ పూటకు మిల్లు ఆపించాడు. ఎప్పుడూ దడదడలాడే ఆ రేకుల షెడ్డు నిశ్శబ్దంగా ఉంటే, ఏదో చావు జరిగిన ఇంటికి వచ్చినట్టుంది. తవుడు వాసన, ఉడికిన వడ్ల వాసన. గోనె బస్తాలమీద ఎక్కి కూర్చున్న జనం. మధ్యలో ఒక బల్ల, బల్లమీద ఆ యంత్రం. అత్త పెళ్ళిళ్ళకు కట్టే నీలంరంగు చీర కట్టుకుని, తలకు నూనె పెట్టి దువ్వుకుని, కుర్చీ అంచున కూర్చుంది. ఆమె కుర్చీలో కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. నన్ను చూసి, భయపడబాక అన్నట్టు కళ్ళతోనే ధైర్యం చెప్పింది.

గురువుగారు మీట నొక్కారు. చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి. "అమ్మా, మీరు పొద్దున లేచింది మొదలు ఏమేం పనులు చేస్తారో చెప్పండి" అన్నారు మర్యాదగా.

అత్త గొంతు సవరించుకుంది. ఎదురుగా బస్తాల మధ్య నిలబడ్డ చిన్నాయన వైపు ఒకసారి చూసింది.

"ఆచార్యవర్యా!" అంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. "ప్రభాతముననే నిద్ర మేల్కాంచి, గృహమును పరిశుభ్రమొనర్చి, గోవులకు గ్రాసమును..." అని ఆగింది. చిన్నాయన పెదవులు కదిపాడు. "సమర్పించి, అటుపిమ్మట స్నానమాచరించి..."

గురువుగారికి మొదట ఏమీ అర్థంకాలేదు. తరవాత పెదవి బిగబట్టుకోవడం చూశాను. నేను తల వంచుకున్నాను. హాస్టల్లో బల్ల దగ్గర పొలమారిన అమ్మాయి ఇప్పుడు ఇక్కడ ఉంటే ఎట్లా ఉండేదో ఊహించుకున్నాను. ఆపు అత్తా అని అరవాలనిపించింది; ఊరంతా ఎంతో గర్వంగా వింటోంది, ఎట్లా అరుస్తాను?

"అటుపిమ్మట, పతిదేవుని..." అంది అత్త. అని ఆగిపోయింది.

చిన్నాయన ఏదో నాటకంలో ఇల్లాలి మాటల్ని ముందూ వెనకా చూడకుండా ఎత్తి ఇచ్చేశాడన్నమాట. వల్లె వేసేటప్పుడు అత్త కూడా గమనించి ఉండదు. ఊరందరి ముందూ నోట్లోంచి బయటకు వచ్చాక వినబడింది. చిన్నాయన మొహం పాలిపోయింది. సరిగ్గా అప్పుడే, ఏమీ తెలియని గురువుగారికి బిగబట్టుకున్న నవ్వు తన్నుకుని వచ్చేసింది. ఒకసారి బయటపడ్డాక ఆయన ఆపుకోలేకపోయారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, "ఇదంతా ఎందుకమ్మా? మీరు ఇంట్లో ఎట్లా మాట్లాడతారో అట్లా మాట్లాడండి, నాకు కావలసింది అదే" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు.

అత్త ఆయన వైపు చూడలేదు. నావైపు తిరిగింది. "ఇంట్లో మాట్లాడేది బయటోళ్ళకెందుకు అమ్మణ్ణీ?" అంది, చాలా నెమ్మదిగా. లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, దారి ఇచ్చిన జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది. టేపు చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాసేపటికి మిల్లు యజమాని, ఇక మొదలుపెట్టుకోవచ్చునా అయ్యా అని అడిగాడు.

తిరుగు బస్సులో, మమ్మల్ని రైలెక్కించడానికి వచ్చిన నాయన ద్వారా అసలు సంగతి తెలుసుకున్న గురువుగారు నెల్లూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. దిగేటప్పుడు, "నేను నవ్వకుండా ఉండాల్సిందమ్మా" అన్నారు. మళ్ళీ ఆ యంత్రాన్ని మా ఊరు తీసుకువెళ్ళే మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి అత్త నాతో మాట్లాడటం మానేసింది. కోపంతో కాదు. కోపమైతే తిట్టేది, నాకు బాగా తెలుసు. అన్నం పెట్టేది, నూనె రాసి తల దువ్వేది, నేను ఊరికి వచ్చానని గారెలు వండేది. నోరు మాత్రం విప్పేది కాదు. ఊ, ఊహూ, చేత్తో సైగ, అంతే. నేను గొడ్లచావిడి వైపు వెళితే లోపల ఆవుతో మాట్లాడుతున్న గొంతు టక్కున ఆగిపోయేది. చేపలావిడ వస్తే వేళ్ళు చూపించి బేరం చేసేది. చేపలావిడ భయపడిపోయి, "మీ అత్తకు గొంతేమైనా పడిపొయినాదా?" అని నన్ను అడిగి, బేరం లేకుండా చేపలు ఇచ్చి వెళ్ళింది. అత్త మానేసిన మాటల్లో కొన్నైనా ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి అమ్మ మాట్లాడటం నేర్చుకుంది. మా అమ్మ గొంతు నేను సరిగా విన్నది ఆ ఏడాదే.

ఈ జబ్బు ఊరికి కూడా పాకింది. మిల్లులో జరిగింది అందరూ చూశారు. బావి కాడ ఆడవాళ్ళు కులాసాగా మాట్లాడుకుంటూ ఉంటారు. నేను బిందె పట్టుకుని వస్తే, "ఊరుకోండే, ఆయమ్మి రాసుకుంటాది" అని ఎవరో అనేవారు. బొక్కెన నీళ్ళలో పడిన చప్పుడు వినబడేది, అంతే. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి వాళ్ళు నోరు తెరవాలి కదా. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో, ఎండాకాలం సెలవులన్నీ, నేను వెళ్ళిన చోటల్లా ఒక నిశ్శబ్దాన్ని వెంటబెట్టుకుని తిరిగాను. అప్పుడు పడ్డ సిగ్గుకు హాస్టల్లో పడింది ఏ మూలకూ రాదు. అక్కడ నా మాట విని నవ్వారు. ఇక్కడ నన్ను చూసి మాట దాచుకుంటున్నారు.

గ్రంథం ఆగిపోయింది. ఇక వదిలేసి ఏదైనా బడిలో టీచరుగా చేరతానని గురువుగారికి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. మీ ఊరు వద్దు, జిల్లా తీరమంతా ఉంది కదా, నిన్నెరగని చోటికి వెళ్ళు అన్నారు. నాయన పొలం పనులు పాలికాపుకు వదిలేసి నాకు తోడుగా వచ్చాడు. ఉత్తరాన బోగోలు వైపు, సముద్రంలో చేపలు పట్టే పట్టపు వాళ్ళ పల్లెలు తిరిగాం. సరుగుడు తోపుల నీడన వలలు అల్లుకుంటున్నవాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. చేతిలో కాగితాలు చూసి, సర్కారు పంపిన మనిషినని వాళ్ళు ఖాయం చేసుకున్నారు. కాదని ఎంత చెప్పినా వినలేదు. వలల నూలు దొరకడం లేదని, రోడ్డు లేదని, తుఫానుకు పోయిన పడవల సంగతి పట్టించుకున్న నాథుడు లేడని, ఆడా మగా నా చుట్టూ చేరి గుక్కతిప్పుకోకుండా చెప్పారు. నా గ్రంథం చివర, మాండలిక కథనాలు అని శాస్త్రీయంగా పేరు పెట్టి అచ్చువేసినవన్నీ నిజానికి సర్కారు మీద ఫిర్యాదులే. అవి చాలా చక్కటి ఫిర్యాదులు. వాటితోనే గ్రంథం పూర్తయింది.

చివరి పరీక్ష ఒక వేసవి పొద్దున జరిగింది. పొడవాటి బల్లకు అవతల ముగ్గురు: మా గురువుగారు, శాఖలోని ఇంకో పెద్దాయన, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు. ఆయన బాగా ముసలివారు, తెల్లటి మీసం, మాట కరుకు. నా గ్రంథం పేజీలు తిప్పుతూ, "ఉండాది అనే ఈ రూపం గురించి ఒక అధ్యాయమే రాశావు. ఇది చదువురాని వాళ్ళ మాట. రెండు తరగతులు చదివితే పోతుంది. పోయేదాని గురించి ఇంత పరిశోధనా?" అన్నారు. నేను రాత్రంతా చదువుకున్న జవాబు మొదలుపెట్టాను. శిష్టవ్యవహారంలో, అన్నాను. సాంఘిక భేదాలు, అన్నాను. చక్కటి పుస్తకాల తెలుగు, ఎక్కడా ఏ వాసనా లేకుండా వస్తోంది. ఆయన తల ఊపుతూ, పుస్తకం పక్కకు నెట్టి ముందుకు వంగారు. ఆయన మోచేతి దగ్గర నిండు కప్పు. నేను అది చూశాను. ఆలోచించుకోవడానికి టైము లేదు.

"చెయ్యి జరపబాకండి సార్, ఆడ కాఫీ ఉండాది!" అని అరిచాను.

ముసలాయన మీసం కదిలింది. ఆయనే మొదట నవ్వారు. తరవాత మిగతా ఇద్దరూ నవ్వారు. ఆయన చెయ్యి జాగ్రత్తగా వెనక్కి తీసుకుని, కప్పు ఎత్తి ఒక గుటక తాగి, "నా ప్రశ్నకు జవాబు వచ్చింది. ఇంకేమీ అడగను" అన్నారు. నాకు డిగ్రీ వచ్చిందని అర్థమైంది. అందరూ మెచ్చుకుంటూనే నవ్వారనీ తెలుసు. అయినా కాలిన పెనం మీద కూర్చున్నట్టుంది. ఇంత చదివి, ఇన్నేళ్ళు నోటికి కాపలా కాసి, ముగ్గురు పెద్దమనుషుల ముందు చివరికి నేనే నమూనాగా మిగిలాను. బయట వరండాలో స్తంభం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

మర్నాడు ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. నడవలో అత్త చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, నీళ్ళివ్వడానికి. నేనే లోపలికి వెళ్ళి తాగి వచ్చి, అమ్మ పక్కన చాపమీద చతికిలబడ్డాను. పాసయినావా అని అమ్మ అడిగింది. అయినానన్నాను. మొహం అట్టా ఉందేమని అడిగింది. జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. అమ్మకే చెబుతున్నాను. మా మాటలోనే చెబుతున్నానని నాకు మధ్యలో ఎప్పుడో తెలిసింది, తెలిసినా ఆపుకోలేదు. ఆ ముసలాయన మోచెయ్యి, కప్పు, నేను అరిచిన అరుపు, అన్నీ చెప్పాను. "మొగం యాడ పెట్టుకోవాల్నో తెలవలేదు మా. భూమిలోకి పోదామనిపించింది" అన్నాను.

గింజలు గిన్నెలో పడే చప్పుడు ఆగింది.

"ముగ్గురూ నవ్వినారా?" అంది అత్త.

ఏడాదిగా వినని గొంతు. నేను అమ్మ మొహం చూశాను, అమ్మ నా మొహం చూసింది. ఇద్దరం కదలలేదు, వాకిట్లోకి వచ్చిన పిట్టను చూసినట్టు.

"ముగ్గురూ" అన్నాను.

"ఆ ముసిలాయన గూడానా?"

"ఆయనే ముందు."

"నువ్వేం చేసినావు?"

"తల వంచుకుని కూచున్నా."

"నేను లేచొచ్చేస్తిని" అంది. చేతిలో చింతపండు పక్కన పెట్టి, "నువ్వు కూచున్నావు. చదువుకున్నదానివి గదా, ఓర్చుకున్నావు" అంది. అని, ముందు ముక్కుతో, తరవాత నోటితో, చివరికి ఒళ్ళంతా కదిలేటట్టు నవ్వడం మొదలుపెట్టింది. అమ్మ నవ్వింది. నాకు ఏడుపు వస్తుంటే నేనూ నవ్వాను.

అమ్మ గొడ్లకు కుడితి పెట్టడానికి లేచి వెళ్ళాక, అత్త మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది. నావైపు చూడకుండా మాట్లాడింది. "ఆయన నవ్వినాడని గాదు అమ్మణ్ణీ ఆ దినం నేను లేచొచ్చింది. నవ్వితే నవ్వినాడు. మీ చిన్నాయన చెప్పిచ్చిన ఆ పతిదేవుడనే మాట... మీ మామను నేను ఏమనీ పిలిచిందే లేదు. ఆ కాలంలో పిలవకూడదు. రంగూనుకని పడవెక్కి పోయే దినం కాలవ కాడికి అందరం పొయినాం. మా అత్త ఉండాది, మామ ఉండాడు, ఊరోళ్ళంతా ఉండారు. ఆయన అందరికీ చెప్పి, ఎనక్కి తిరిగి నన్ను చూసి, పొయ్యేదా అన్నాడు. పోబాక అని నోటిదాకా వచ్చినాది. ఇంతమందిలో ఎట్టా అనేది? సిగ్గేసినాది. తల ఊపినాను. ఆయన సరేలే అనుకుని ఎక్కేసినాడు." ఒక గింజ తీసి గిన్నెలో వేసింది. "అంటే ఆగిపొయ్యేవాడని గాదు. ఆగకపోనూ వచ్చు. నేను అనలా, అంతే."

ఆ మాటల్ని రాసుకోవాలని గానీ, గుర్తుపెట్టుకోవాలని గానీ నాకు తోచలేదు. ఆమె దగ్గరికి జరిగి, గిన్నె మధ్యలో పెట్టుకుని, నేనూ గింజలు తీయడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రం దీపం పెట్టేదాకా అత్త మాట్లాడుతూనే ఉంది. ఏడాది పాటు ఆపుకున్న తగాదాలన్నీ ఉన్నాయి: చేపలావిడ మీద, చిన్నాయన మీద, మిల్లు యజమాని భార్య మీద, ఆ రోజు మిల్లులో తనకు వేసిన గట్టి కుర్చీ మీద కూడా.

తరవాత అత్త చాలాకాలం బతికింది. నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, కాపురం వేరే జిల్లాలో. ఆమె మా ఇంటికి వస్తే మా వీధి కూరగాయల బండివాడు రెండో రోజుకల్లా ఆమెకు లొంగిపోయేవాడు. ఎవరి ముందూ గొంతు తగ్గించేది కాదు. ఒకసారి నా గ్రంథాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, "దీంట్లో నేనుండానా?" అని అడిగింది. మిల్లుకు ముందు రాసుకున్న మాటలు అక్కడక్కడ ఉన్నాయి, పేరు లేదు అని చెప్పాను. "మంచి పని చేసినావు" అని అరలో పెట్టేసింది. ఆమెతో ఉన్నన్నాళ్ళూ నేను కూడా మా మాటే మాట్లాడేదాన్ని. మా ఆయన, పిల్లలు ఆశ్చర్యంగా చూసేవాళ్ళు. ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్నట్టు ఉంటుందనేవాళ్ళు.

అత్త పోయాక ఆ ఇంకో మనిషి నాకూ కనబడలేదు. కాలేజీలో నలభై ఏళ్ళకు దగ్గరగా పాఠాలు చెప్పిన నోరు, ఇప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పుస్తకంలా మాట్లాడుతుంది. కాలం మన మనుషుల్ని తీసుకుపోతుందని చిన్నప్పుడే తెలుసుకున్నాను. వాళ్ళ ఎదుట మాత్రమే మనం మాట్లాడగలిగిన మాటను కూడా వాళ్ళ వెంటే తీసుకుపోతుందని తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.